డజనుకు తక్కువ అమ్మరు

మా ఇంట్లో మనుషులం నలుగురం, అట్లకాడలు పన్నెండు. నలుగురిలో మా అత్తగారికి అట్లు పడవు. మా అమ్మాయికి వంటిల్లు ఏ దిక్కునుందో తెలీదు. మిగిలిన ఇద్దరం రోజుకొకటి మార్చి వాడినా, వారం తిరిగేసరికి ముట్టుకోనివి ఇంకా అయిదుంటాయి. స్నానాలగదిలో చెంబులు డజను. దేవుడి గూట్లో హారతి పళ్లాలు డజను. దువ్వెనలు రెండు డజన్లు, వాటికి పని కల్పించే సరుకు నా తలమీద లేకపోయినా సరే. కొత్తగా వచ్చిన చుట్టాలు ఇదంతా చూసి, "హాస్టలేమైనా నడుపుతున్నారా అండీ?" అని అడుగుతుంటారు. ఒకాయన మాత్రం గొంతు తగ్గించి, "ఉద్యోగం పోయిందా?" అన్నాడు.

ఉద్యోగం ఉంది. నాంపల్లిలో ఒక ఆఫీసులో గుమాస్తాని. పోయింది బుద్ధి.

మాది బందరు, మా ఆవిడది కరీంనగర్. పెళ్లయిన కొత్తలో ఆఫీసుకు నడిచి పోవచ్చునని, అద్దె కూడా తక్కువని బేగం బజార్లో ఫీల్‌ఖానా వైపు ఒక పాత మేడలో రెండో అంతస్తు తీసుకున్నాను. కింద సేఠ్‌గారి గోదాము. ఎండుమిరపకాయల బస్తాలు దిగిన రోజున మేడంతా ఒకేసారి తుమ్ముతుంది. చిరంజీవ అనడానికి ఎవరికీ తీరిక ఉండదు, అనాల్సినవాడూ తుమ్ముతూనే ఉంటాడు. నిజాం అలీ ఖాన్ బేగం హమ్దా బేగం ఇక్కడి నేలను వర్తకులకు ఇచ్చేసిందనీ, అందుకే ఈ పేరు వచ్చిందనీ చెప్తారు. ఆ మహాతల్లి ఇచ్చింది వర్తకులకు. గుమాస్తాలకు కాదు. ఆ తేడా నాకు ఇప్పటికీ సరిగ్గా ఒంటబట్టలేదు.

ఇక్కడ ఒక సందంతా ఇత్తడి, రాగి, స్టీలు. ఇంకో సందంతా బాదం, పిస్తా, ఎండు ఖర్జూరం. మరోచోట ప్లాస్టిక్ బొమ్మలు, ఆ పక్కన కర్పూరం, అగరొత్తులు, దీపపు ఒత్తులు. ఉస్మాన్‌గంజ్, మహారాజ్‌గంజ్ వైపు కిరాణా. ట్రూప్ బజార్ దాకా పోతే కరెంటు సామాను. జిల్లాల నుంచి చిల్లర దుకాణాలవాళ్లు పొద్దున్నే దిగి, సరుకు మూటలు కట్టించుకుని సాయంత్రం బస్సెక్కుతారు. బజారు వాళ్లకోసం పుట్టింది. మధ్యలో నాబోటివాడు వెళ్లి "ఒకటివ్వండి" అంటే సేఠ్ నా మొహం చూడడు. నా వెనకాల కొనేవాడెవడైనా నిలబడ్డాడేమోనని తల పక్కకు వంచి చూస్తాడు.

"ఖుల్లా నై దేతే సాబ్. దర్జన్ లేలో."

దీనికి సంసారి చెప్పాల్సిన జవాబు "వద్దు". నా నోట్లోంచి వచ్చేది "రేటెంత?" అట్లకాడ బయట 45 రూపాయలు, ఇక్కడ డజను మీద ఒక్కోటి 30. అంటే ఒక్కోదానికి 15 మిగులు. డజనుకు 180. ఆ రోజు నేను 360 రూపాయలు ఖర్చుపెట్టి 180 రూపాయలు సంపాదించి, ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాను. ఆ 180 రూపాయలు ఎక్కడ పెట్టానో మా ఆవిడ ఇప్పటికీ వెతుకుతోంది.

మామూలు రోజుల్లో ఈ జబ్బు అదుపులోనే ఉంటుంది. ముదిరేది శరత్తులో. పంచాంగంలో శరదృతువంటే ఆశ్వయుజం, కార్తికం. మా బజార్లో మాత్రం భాద్రపద శుద్ధ చవితికి ముందే దిగిపోతుంది. సరుకు లారీల్లోంచి దిగాక రుతువు ఆగుతుందా? అక్కణ్ణుంచి నిమజ్జనం, బతుకమ్మ, దసరా, దీపావళి, కార్తిక పున్నమి, ఊపిరి సలపదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా చుట్టాలందరికీ నేను గుర్తొస్తాను. ఫోన్లన్నీ ఒకే మాటతో మొదలవుతాయి: "మీరుండేది బేగం బజార్లోనే కదా!"

కూకట్‌పల్లి నుంచి మా తోడల్లుడికి రంగుదీపాల దండలు. కరీంనగర్ నుంచి మా బావమరిదికి జీడిపప్పు, "తెల్లగుండాలె బావా, ఇరగొద్దు". ఇక బందరు నుంచి మా అక్క. "ఒరేయ్ తమ్ముడూ, వాయనాలకి చిన్న స్టీలు గిన్నెలు ఓ పాతిక చూడరా. మరీ చవకవి కాకుండా, మరీ ఖరీదైనవీ కాకుండా, చూసినవాళ్లకి ఖరీదైనవేమో అనిపించేవి." ఇంత నిర్దిష్టంగా ఏ ఇంజనీరూ చెప్పలేడు. ఆ పాతికా కొనడానికి వెళ్లి నేను ఒక గ్రోసు తెచ్చాను, అంటే 144. పాతిక బస్సు పార్సిల్లో బందరు వెళ్లాయి. పార్సిలు ఖర్చు గిన్నెల ఖరీదును దాటింది. మిగిలిన 119 మా మంచం కింద ఉన్నాయి. అర్ధరాత్రి అటు ఎలక పోయిందంటే మాకు జలతరంగిణి కచేరీ.

నా మీద జాలి పడకండి. నాకదంతా ఇష్టం. ఆఫీసులో పక్క సీటాయన "సేఠ్‌గారూ, పటికబెల్లం ఎట్లా ఉంది?" అని అడిగితే, నేను కళ్లజోడు పైకి తోసి, "ఇంకో వారం ఆగండి, దిగొచ్చు" అంటాను. పటికబెల్లం దిగుతుందో ఎక్కుతుందో నాకెలా తెలుస్తుంది? కానీ ఆ ఒక్క క్షణం బేగం బజారంతా నా గుప్పిట్లో ఉంటుంది. బేరమాడటంలో నా ప్రతిభ కూడా ఇదే మోస్తరు. సేఠ్ 200 అంటే నేను 100 అంటాను. ఆయన కోప్పడకుండా చాయ్ తెప్పిస్తాడు. చాయ్ తాగాక 190 అనడానికి నాకే మొహమాటం వేసి 200 ఇచ్చి వస్తాను. ఒక్కోసారి చాయ్ డబ్బులు కూడా నేనే ఇస్తాను.

ఇలాంటివాణ్ణి వేలంపాటకు పంపకూడదని మా ఆవిడకు ముందే తెలుసు. కానీ ఆ పొద్దున ఆవిడ పులిహోర కలుపుతూ ఉండిపోయింది.

మా మేడకు ఒక వినాయకుడున్నాడు. ధూల్‌పేట నుంచి ట్రాలీ ఆటోలో తెస్తాం. ఖైరతాబాద్ వినాయకుడు 1954లో ఒక్క అడుగుతో మొదలై పెరుగుతూ పెరుగుతూ 2024కి 70 అడుగులకు చేరాడు. మావాడు మాత్రం మూడడుగుల దగ్గరే ఆగిపోయాడు, మెట్ల కింద చోటు అంతే ఉంది. మొదట్లో నిమజ్జనం రోజు లడ్డూను అందరికీ తలా కాస్త పంచేసేవాళ్లం. తరవాత బాలాపూర్ గాలి సోకింది. అక్కడ 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2024లో 30 లక్షల 1 వెయ్యికి పోయింది. దాంతో హైదరాబాదులో ప్రతి గల్లీకీ ఒక లడ్డూ, ప్రతి లడ్డూకూ ఒక వేలం, ప్రతి వేలానికీ ఒక వెర్రివాడు. మా గల్లీకి ఆ మూడోది కొరతగా ఉండేది.

నాకు లడ్డూ కొనాలని లేదు, సత్యప్రమాణంగా. పాట పెంచాలని ఉంది, అంతే. సేఠ్ 501 అన్నాడు. దేవుడి దగ్గర అంత పిసినారితనమా అని నేను 1,001 అన్నాను. పై వాటా భాభీగారి భర్త 1,501. సేఠ్ 2,001. నా లెక్క ఏమిటంటే, పదేళ్ల వయసు నుంచి గద్దె మీద కూర్చుని లక్షల వ్యాపారం చేసే సేఠ్ ఒక గుమాస్తా చేతిలో ఓడిపోవడానికి ఒప్పుకోడు. నేనెంతంటే దానిమీద ఒక రూపాయి వేస్తాడు. 3,001 అన్నాను, వేశాడు. 4,001 అన్నాను, వేశాడు. ఈ ఊపులో గొంతు సవరించుకుని "5,116" అన్నాను. సేఠ్ నావంక చూశాడు. ఎదుటివాడికి సరుకు నిజంగా కావాలో వద్దో వాసన పట్టే చూపు అది. రెండు చేతులూ జోడించి, "బప్పా ఆప్‌కో బులా రహే హైఁ" అన్నాడు. బప్పా మిమ్మల్నే పిలుస్తున్నాడట.

డప్పులు మోగాయి. మెళ్లో దండ పడింది. ఆరు కిలోల లడ్డూ నెత్తికెక్కింది. లడ్డూకు పేరుపడ్డ ఊళ్లో పుట్టి, హైదరాబాదులో 5,116 రూపాయలకు లడ్డూ పాడుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను. మెట్ల మీద మా ఆవిడ ఎదురైంది. దేవుడి ప్రసాదం నెత్తిమీదున్న మనిషిని తిట్టకూడదు కాబట్టి ఏమీ అనలేదు. నేను వీలైనంత సేపు దించలేదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఒకటే జనం. ఊరేగింపు చూడ్డానికి రమ్మని చుట్టాలను పిలిచింది నేనే. "మా బాల్కనీలోంచి గ్యాలరీలో కూర్చున్నట్టే" అని ఊరించాను. బాలాపూర్ నుంచి చార్మినార్ మీదుగా వచ్చే ఊరేగింపు అఫ్జల్‌గంజ్ దాటి మొజంజాహీ మార్కెట్ వైపు పోతుంది. అది నిజం. మా బాల్కనీకీ ఆ రోడ్డుకూ మధ్య ఒక హోర్డింగు ఉంది. అదీ నిజం. చుట్టాలు కిరీటాలు మాత్రం చూశారు. ఒక పిల్లవాడు "వినాయకుడికి మొహం ఉండదా తాతా?" అని అడిగాడు. ఆ ప్రశ్న దగ్గర మా ఆవిడ నాకు సంచీ ఇచ్చి, పాలు తెమ్మంది.

మా వైపు బూత్ మూసేసి ఉంది. రోడ్డుకు అటు, గౌలిగూడ వైపు ఒకటి తెరిచి ఉందన్నారు. రెండు లారీల సందు చూసుకుని దాటాను, నాలుగు పాకెట్లు కొన్నాను, తిరిగి చూస్తే సందు లేదు. తాడు కట్టేశారు. కానిస్టేబుల్ మంచివాడు. "ఇక్కడ దాటనీకి లేదు సార్, ముంగటికి నడువుండ్రి, ఎంజే మార్కెట్ కాడ దాటుండ్రి" అన్నాడు. అక్కడికి పోతే అబిడ్స్ జీపీవో దగ్గర దాటమన్నారు. అబిడ్స్‌లో ఇంకా ముందుకన్నారు. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ అబిడ్ అనే ఆయన పేరు మీద వెలిసిన చోటు అది. ఆయన అక్కడ దుకాణం నడిపిన రోజుల్లో అయితే రోడ్డు దాటడానికి ఇంత తతంగం ఉండేది కాదు. ఈలోపల ఎవరో నా మొహానికి గులాల్ పూశారు. ఎవరో నా చెయ్యి పైకెత్తి పట్టుకున్నారు. నేను నాట్యం చేశానని తరవాత ఇంట్లో ఒక అపవాదు వచ్చింది. నాట్యం చేసింది జనం. వాళ్ల మధ్యలో నేనున్నాను, అంతే. లిబర్టీ దాకా అలా వెళ్లి, రాత్రి ఎప్పటికో వెనక్కొచ్చాను. చుట్టాలు పాలు లేని టీ తాగి వెళ్లిపోయారు. ఎక్కడికి పోయావని అడుగుతారనుకున్నాను, ఎవరూ అడగలేదు. మా అమ్మాయి టీవీలో ఊరేగింపు ప్రత్యక్ష ప్రసారం చూస్తుంటే, రెండు చేతుల్లో పాలపాకెట్లు పైకెత్తి ఊపుతూ నేను కనబడ్డానట.

పక్షం రోజులకు ఎంగిలిపూల బతుకమ్మ. భాద్రపద అమావాస్య నాడు మొదలై దుర్గాష్టమి నాడు సద్దుల బతుకమ్మతో ముగిసే ఈ పండుగలో మగవాడికి ఒకటే పని, పూలు తేవడం. 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగైంది. మా ఇంట్లో అయితే పెళ్లయిన ఏడాది నుంచే సర్కారీ పండుగ, నాకు ఉత్తర్వులు అందుతాయి. సద్దుల ముందురోజు ఉత్తర్వు ఇదీ: గునుగు నాలుగు కట్టలు, తంగేడు నాలుగు కట్టలు, బంతి రెండు కిలోలు, పట్టుకుచ్చులు కొన్ని, గుమ్మడిపువ్వు ఒకటి. ఊళ్ల నుంచి ఆడవాళ్లు తెచ్చి మొజంజాహీ మార్కెట్ దగ్గర రోడ్డు పక్కన కుప్పలు పోస్తారు. అక్కడ తీసుకుంటే సరిపోయేది. నేను తెల్లవారకముందే గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్లాను. జాంబాగ్ పూల మార్కెట్ అక్కడికి తరలిపోయినప్పటి నుంచి దాన్ని చూడాలని నా కోరిక. చూసి ఊరుకుంటే నేనెందుకవుతాను? బంతి బస్తా లెక్కన ఇస్తున్నారు.

"ఏందండీ గిది? రెండు కిలోలు జెప్తే బస్త తెచ్చిండ్రా?"

"బస్తా మీద కిలోకి ఎంత మిగిలిందో తెలుసా?"

"నాకు తెల్వది. గా మిగిలిన పైసలతోని ఇంకో ఇల్లు కొనుండ్రి, పూలు పెట్టనీకి."

మా అత్తగారు మాత్రం సంతోషించారు. ఆవిడది పాతకాలం కరీంనగర్ చేయి. పెద్ద ఇత్తడి తాంబాళం ముందేసుకుని, గుమ్మడాకులు పరిచి, అద్దకం వేసిన గునుగు ఒక వరస, తంగేడు ఒక వరస, బంతి ఒక వరస, మధ్యలో తొక్కి నింపుకుంటూ పైకి పోయారు. పూలు తక్కువైతే చెయ్యి దానంతటదే ఆగుతుంది. ఆగడానికి నేను అవకాశమివ్వలేదు. సాయంత్రానికి బతుకమ్మ నా ఛాతీ దాకా వచ్చింది. శిఖరాన పసుపు గౌరమ్మను పెట్టి దండం పెట్టుకుని, ఎత్తుకుని బయల్దేరాం. వాకిలి దాటింది. మొదటి మెట్ల మలుపు దగ్గర ఇరుక్కుంది.

పాతకాలం మేడల మెట్లు ఒక మనిషి, ఒక బస్తా పట్టేంత వెడల్పుంటాయి. బతుకమ్మ అటూ పోదు, ఇటూ రాదు. పైన మా ఆవిడ, కింద నేను, మధ్యలో గౌరమ్మ. నాలుగు వరసలు తీసేద్దామన్నాను. పేర్చిన బతుకమ్మను విప్పుతారా అని మా అత్తగారు నోరు నొక్కుకున్నారు. పై వాటా భాభీ వచ్చింది, ఆవిడ కోడళ్లు వచ్చారు. వాళ్లవి నవరాత్రులు కదా, దాండియాకు ముస్తాబై పోబోతున్నారు. మెట్లు మూసుకుపోయాయి కాబట్టి పోలేకపోయారు. "భయ్యా, ఇత్నా బడా కైకు?" అని అడిగింది భాభీ. కిలోకి ఎంత మిగిలిందో ఆవిడకైనా చెబుదామనుకున్నాను. మార్వాడీ ఇల్లాలికి లెక్కలు చెప్పే ధైర్యం చాలలేదు.

చివరికి దారి చూపింది గోదాము హమాలీలు. మా బాల్కనీ పక్కనే బస్తాలు లాగే గిలక ఒకటుంది. వాళ్ల పెద్ద పైకొచ్చి, బతుకమ్మ చుట్టూ ఒకసారి నడిచి, "వజన్ ఎంతుంటది?" అని అడిగాడు. తాంబాళం కింద గోనెపట్టా వేసి నాలుగు కొసలూ తాడుకు కట్టారు. మిరపకాయల బస్తాలు దిగే దారినే గౌరమ్మ గాల్లోకి దిగింది. సందులో పోయే బళ్లన్నీ ఆగాయి. ట్రాలీవాళ్లు, గుమాస్తాలు, కొబ్బరికాయలు కొనుక్కుపోయే ఆడవాళ్లు తలలెత్తి చూశారు. సగం దారిలో మా అత్తగారు పాట ఎత్తుకున్నారు. కింద ఎవరో ఉయ్యాలో అని అందుకున్నారు. బతుకమ్మ నేలను తాకేసరికి కింద ఇరవైమంది ఆడవాళ్లు వలయం కట్టేసి ఉన్నారు. భాభీ కోడళ్లు కూడా దూరారు. వాళ్లకు గర్బా చప్పట్లు వచ్చు, వీళ్లకు బతుకమ్మ చప్పట్లు వచ్చు. రెండింటికీ తిరగడం ఒకటే అయినా వంగే లెక్క వేరు. కాసేపు వీళ్లు వంగినప్పుడు వాళ్లు లేచారు. ఆ తరవాత ఎవరు ఎవర్ని దిద్దారో తెలీదు, కుదిరింది. ట్యాంక్‌బండ్‌కు పోవాల్సిన ట్రాలీ ఆటోవాడు కిరాయి సంగతి మర్చిపోయి నిలబడ్డాడు.

హమాలీల పెద్దకు డబ్బులివ్వబోతే వద్దన్నాడు. "దేవత వజన్‌కు కూలి తీస్కోం సార్." ఒక క్షణం ఆగి, "బంతిపూలు మిగిలినయా?" అన్నాడు. రెండోరోజు ఆయుధపూజ. మిగిలిన అర బస్తా వాళ్ల తోపుడుబళ్లకీ, సేఠ్‌గారి కాటాకీ, బస్తాలు లాగే ఆ గిలకకీ దండలైంది. ఈ విషయంలో నేను దూరదృష్టి గలవాణ్ణని మా ఆవిడ దగ్గర అన్నాను. ఆవిడ దగ్గర చూపు కూడా పరీక్ష చేయించుకోమంది.

దసరా గురించి ఎక్కువ చెప్పను. జమ్మి ఆకు జేబులో పెట్టుకుని, ఇంటింటికీ వెళ్లి బంగారం పంచి, మర్నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో అలయ్ బలయ్‌కు కూడా పోయొచ్చాను. బండారు దత్తాత్రేయ 2005లో మొదలుపెట్టిన ఆ కార్యక్రమంలో పార్టీలవాళ్లంతా ఒకర్నొకరు కావలించుకుంటారు. నేను భోజనాల వరసలో ముందున్నాయనను కావలించుకున్నాను. చోటివ్వలేదు.

చెప్పుకోవాల్సింది చేపల సంగతి. సముద్రపుటూరి మనిషినన్న గర్వం నాకింకా పోలేదు. మంగినపూడి ఇసక మీద పెరిగినవాణ్ణి. ఇప్పుడు నాకు సముద్రం బేగం బజార్ చేపల మార్కెట్లో ఐసుపెట్టెల్లో కనబడుతుంది. ఆదివారం పొద్దున ఆఫీసు మిత్రుడొకణ్ణి వెంటబెట్టుకు వెళ్లి, పండుగప్ప మొప్పలెత్తి చూపించి, వేలితో నొక్కి, వాసన చూసి, "చూశారా, ఉప్పునీటి చేప కండ ఇలాగుంటుంది. సముద్రపు తుళ్లింపు. చెరువు చేపకు ఈ జన్మకు రాదు" అని ఉపన్యసించాను. తూచే ఆవిడ అంతా విన్నది. "చెర్వుల పెంచిందే సార్. మీ కృష్ణా జిల్ల కెళ్లే వస్తది" అంది. మిత్రుడు రెండు కిలోలు కొన్నాడు. నన్ను ఇంకేమీ అడగలేదు.

ఆశ్వయుజ బహుళ త్రయోదశి, ధన్‌తేరస్. మా బందర్లో చిన్నప్పుడు ఈ పేరే వినలేదు. బేగం బజార్లో ఆ రోజు ఇత్తడి సందులో నిలబడితే భుజం పక్కకు తిప్పే చోటుండదు. కొత్త గిన్నె కొంటే లక్ష్మి ఇంటికొస్తుందని నమ్మకం. మా ఆవిడ ఈసారి నాతో స్పష్టంగా మాట్లాడింది. చెంచా. ఒక్క చెంచా. స్టీలుది. ధన్‌తేరస్ నాడు మాత్రం ఒకటైనా ఇస్తారు, శాస్త్రానికి. నేను నిజంగానే చెంచా కోసమే వెళ్లాను. కానీ ఇత్తడిని అక్కడ తూకం మీద అమ్ముతారు. తూకమనేసరికి నా మెదడులో ఏదో తెగుతుంది. చెంచాకు పనితనం ఎక్కువ, లోహం తక్కువ. అదే పెద్ద సామాను తీసుకుంటే డబ్బంతా లోహానికే పోతుంది కదా! ఈ ఆర్థికశాస్త్రం నాకు ఆ సందులో, ఆ తోపులాటలో, ఎవరూ చెప్పకుండానే తోచింది. చెంచాకని వెళ్లినవాణ్ణి గంగాళంతో తిరిగొచ్చాను. హమాలీ నెత్తిమీద అది, వెనకాల చెంచా పట్టుకుని నేను. చెంచా కూడా కొన్నాను మరి, మాటంటే మాటే.

అది మా గుమ్మంలో పట్టింది గానీ వంటింటి గుమ్మంలో పట్టలేదు. హాల్లో స్థిరపడింది. దానికోసం సోఫా కిటికీ వైపు జరిగింది, నేను బాల్కనీ వైపు జరిగాను. మొదట పాత పేపర్లు వేశాం, తరవాత ఇస్త్రీ బట్టలు. ఒకరోజు మా అమ్మాయి అందులో కూర్చుని పరీక్షలకు చదువుకుంది. దీపావళి రాత్రి సేఠ్ గద్దె మీద లక్ష్మీపూజ చేసి, ఎర్ర అట్ట కొత్త ఖాతా పుస్తకం తెరిచి, శుభ్-లాభ్ రాసి, మాకు మిఠాయి డబ్బా ఇవ్వడానికి పైకొచ్చాడు. గంగాళాన్ని గోటితో కొట్టి చూశాడు. మోగింది. "అచ్ఛా మాల్ హై" అన్నాడు. నేను మా ఆవిడ వైపు తిరిగాను. "కిత్నే మే లియా?" అని అడిగాడు సేఠ్. చెప్పాను. ఆయన మిఠాయి తినండి అన్నాడు.

కార్తికంలో వనభోజనాలకు పోదామన్న ఆలోచన భాభీది. బందర్లో అయితే పున్నమికి సముద్రస్నానం. ఇక్కడ దగ్గర్లో ఉన్న నీళ్లు మూసీవి. 1908 సెప్టెంబరు 28న ఆ నది తానే ఇళ్లలోకి వచ్చి స్నానం చేయించిపోయింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి నూటయాభై మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. కాబట్టి స్నానం ఇంట్లో, భోజనం పబ్లిక్ గార్డెన్స్‌లో అని తేల్చారు. 1938లో నుమాయిష్ మొదట పెట్టింది ఆ తోటలోనే. 1946లో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారింది. మా మేడవాళ్లంతా కలిస్తే చిన్నపాటి నుమాయిష్‌కు తక్కువేం కాదు. ఇంతమందికి పులిహోర దేంట్లో కలపాలన్న ప్రశ్న వచ్చింది. ఎవరూ నావైపు చూడలేదు, అందరూ హాల్లోకి చూశారు. గంగాళం ట్రాలీ ఎక్కింది. మంచం కింది 119 గిన్నెలూ చట్నీలకూ పాయసానికీ బయటికొచ్చాయి. అట్లకాడలు వడ్డనకు పనికిరావన్నారు, అయినా సంచిలో వేశాను.

భోజనం ఉసిరిచెట్టు కింద చెయ్యాలి. చెట్టు వెతికే బాధ్యత నేను తీసుకున్నాను, పల్లెటూళ్లు చూసినవాణ్ణని. తోటంతా తిరిగి, సన్నాకుల చెట్టొకటి చూపించి, ఇదే అన్నాను. చాపలు పరిచారు. మాలీ వచ్చి, "ఇది తురాయి సార్, ఉసిరి కాదు" అన్నాడు.

"కాయలు లేవు కాబట్టి మీకలా అనిపిస్తోంది" అన్నాను.

"ఎండకాలం ఎర్రపూలు పూస్తది సార్. నేనే నీళ్లు పోస్త."

చాపలు పరిచేశారు, పిల్లలు కూర్చునేశారు, గంగాళం దించాక మళ్లీ ఎత్తడానికి హమాలీలు లేరు. అందరూ సేఠ్ వైపు చూశారు. ఆయన తొణకలేదు. కుర్రాణ్ణి పిలిచి, ట్రాలీలో ఉన్న గోనెసంచి తెమ్మన్నాడు. పూజకని తెచ్చిన ఉసిరికాయలు, అయిదు కిలోలు. పూజకని నేను తెచ్చిన దండల్లోని దారం తీసి, అందిన కొమ్మలకల్లా గుత్తులు గుత్తులుగా కట్టించాడు. వెనక్కు జరిగి, సరుకు నాణ్యం చూసే చూపు చూసి, "అబ్ హై నా?" అన్నాడు. మాలీ కాసేపు ఆలోచించి, ఒప్పుకున్నాడు. అతనికీ ఒక గిన్నెలో పాయసం పెట్టారు.

ఆడవాళ్లు ఆ చెట్టుకు పసుపు కుంకుమలు పెట్టి, దీపాలు వెలిగించి ప్రదక్షిణలు చేశారు. మా అత్తగారికి చెట్ల సంగతి నాకంటే బాగా తెలుసు. తురాయిని చూసిన క్షణంలోనే గుర్తుపట్టి ఉంటారు, కానీ పైకి అనలేదు. ప్రదక్షిణలు పూర్తయ్యాక చెయ్యి చాచి ఒక కాయ తెంపుకుని, కొరికి, మొహం చిట్లించి, నా వైపు తిరిగారు.

"అల్లుడుగారు, వచ్చే యేడు గీ చెట్టుకే జామకాయలు గట్టుండ్రి. ఉసిరికాయలకు నా పండ్లు పులుస్తున్నయి."